బొట్టు పెట్టిన ప్రైమింగ్ టూల్

పోయిన నెల సుమ లండన్‌లోని మా క్రోయిడన్ ఫ్లాట్‌కి వస్తూ ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చింది. సుమ, ఒకప్పుడు నాకు గది అద్దెకిచ్చిన అంకుల్‌గారి ఒక్కగానొక్క కూతురు, ఎడిన్‌బర్గ్‌లో నర్సు. అంకుల్ పోయి అప్పటికి ఐదు నెలలు. స్టాన్‌మోర్ ఇల్లు ఖాళీ చేసి ఆంటీని తన దగ్గరికి తీసుకువెళ్ళింది. “రైఫిల్‌ని డీలర్‌కి ఇచ్చేశాం. సర్టిఫికెట్ పోలీస్‌కి బ్యాక్. దిస్ వన్, డాడ్ సెడ్ ఇట్స్ యువర్స్” అంటూ డబ్బా నా చేతిలో పెట్టి, టీ కూడా పూర్తిగా తాగకుండా రైలుకి పరుగెత్తింది. మూత తీస్తే లోపల మూడు వస్తువులున్నాయి. అరచేతిలో ఇమిడేంత ఇనుప పనిముట్టు ఒకటి. ఆరంగుళాల స్టీలు స్కేలు ఒకటి. అడ్రసు రాసి, స్టాంపు అంటించి, పోస్టు చెయ్యని కవరు ఒకటి. కవరును కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే కింది మూలన నువ్వుగింజంత నలుసు కనబడింది. నాకు నవ్వొచ్చింది.

నేను ఈ దేశానికి మాస్టర్స్ చదవడానికి వచ్చినప్పుడు స్టాన్‌మోర్‌లో వాళ్ళింట్లోనే అద్దెకున్నాను. సుమ అప్పటికే ఎడిన్‌బర్గ్‌లో చదువుతోంది, ఆమె గది నాకిచ్చారు. మాది ప్రొద్దుటూరు, వాళ్ళది తెనాలి. మా ఇద్దరి తెలుగూ కలవడానికి ఒక శీతాకాలం పట్టింది. నేను “చేస్తాండాను” అంటే ఆంటీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నేను చదవడానికి వచ్చింది మార్కెటింగ్. లెక్కలు ఎవరూ నాకు సరిగ్గా చెప్పలేదు, ఇంటర్‌లోనే వాటిని వదిలేశాను. కానీ వేళ్ళు ఊరుకునేవి కావు. స్టేషన్ నుంచి ఇంటికి ఎన్ని అడుగులు, ఆంటీ దోసెకు ఎన్ని గరిటెల పిండి, వారంలో ఎన్ని బస్సులు ఆలస్యం, అన్నీ లెక్కబెట్టేదాన్ని. లైబ్రరీలో గణాంకాల పుస్తకం ఒకటి తెచ్చుకుని, సగం అర్థమై సగం కాక, దొరికిన ప్రతిదానిమీదా దాన్ని ప్రయోగించేదాన్ని. కొత్తగా సైకిల్ నేర్చుకున్నవాళ్ళు ఎవరు పాలప్యాకెట్టుకి పంపినా సంతోషంగా వెళ్తారే, అట్లాంటి ఉత్సాహం అది.

ఆ ఇంట్లో శనివారం పొద్దుటికి ఒక వాసన ఉండేది. వంటింట్లో ఇంగువ వేసిన పోపు, వెనక గదిలో చింతపండు. వంటింటి చింతపండు పులుసుకు. వెనక గది చింతపండు తూటా గుల్లలకు. అంకుల్ రైల్వేలో సిగ్నళ్ళ ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకున్న ఏకైక వ్యసనం ఆదివారం షూటింగ్ క్లబ్బు. క్లబ్బులో మిగతావాళ్ళు, పేల్చిన ఇత్తడి గుల్లలను మళ్ళీ నింపుకునేముందు శుభ్రం చెయ్యడానికి కరెంటు యంత్రాలు కొనుక్కుంటే, ఆయన ఆంటీ దీపపు కుందులు తోమే పద్ధతి పట్టుకున్నారు. గోరువెచ్చటి చింతపండు నీళ్ళలో నానబెట్టడం, కడగడం, పాత తువాలు మీద ఆరబెట్టడం. ఎండ లేని దేశంలో అవి రేడియేటర్ పక్కన బారులు తీరి, పచ్చగా మెరిసేవి. “ఇంట్లో ఇత్తడి సామానంతా ఒకేసారి తోముతాం, కొంత దేవుడికి, కొంత ఈయనకి” అనేది ఆంటీ.

అవి రివాల్వర్ తూటాలు. ఈ దేశంలో రివాల్వర్లు ఇళ్ళలో ఉంచుకోనివ్వడం మానేసి చాలాకాలమైంది. కానీ ఆ తూటా మాత్రం బతికిపోయింది. అదే తూటా పట్టే పొడుగు రైఫిల్ ఒకటుంది, కింద మీట లాగి వదిలితే గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. అంకుల్‌ది ఆ రకం. ఆ తూటా అడుగున చుట్టూ చిన్న అంచు ఉంటుంది, గిన్నె అంచులాగా. ఆ అంచును పట్టుకునే ప్రతి పనీ జరుగుతుంది. పేలిన గుల్లలో పాత ప్రైమర్ తీసేసి, అడుగున ఉన్న గుంటలో కొత్తది కూర్చోబెట్టాలి. ప్రైమర్ అంటే మన టోపీ తుపాకి టోపీకి మనవడులాంటిది, పప్పుగింజంత ఉంటుంది. రైఫిల్ సుత్తి దాన్ని కొడితేనే తక్కిన వ్యవహారమంతా. అది గుంటలో పూర్తిగా కూర్చోవాలి. రవ్వంత పైకి తేలి ఉంటే సుత్తి దెబ్బ దాన్ని లోపలికి తొయ్యడంలోనే ఖర్చైపోతుంది, తూటా పేలదు, ‘టిక్’ మని చప్పుడొస్తుంది. తర్వాత మందు పొయ్యడం, గుండు బిగించడం అంకుల్ తలుపు వేసుకుని, పుస్తకం తెరుచుకుని, ఒక్కరే చేసేవారు. ఆ పని జోలికి నేను పోలేదు, ఇక్కడ రాయను కూడా.

ప్రైమర్ కూర్చోబెట్టే ఆ పనిముట్టే డబ్బాలో వచ్చినది. పైన చిన్న పళ్ళెంలో ప్రైమర్లు పోసి, గుల్ల అంచును గాడిలో దూర్చి, మీటను బొటనవేలితో నొక్కాలి. అంకుల్ సోఫాలో కూర్చుని, చూపు టీవీలో క్రికెట్ మీద ఉంచి, వందకు వంద నొక్కేసేవారు. “కళ్ళతో పని లేదమ్మాయ్. కూర్చున్నదీ లేనిదీ వేలికి తెలుస్తుంది. సిగ్నల్ బోల్టు బిగింపు కూడా అంతే” అనేవారు. ఆ బొటనవేలంటే ఆయనకెంత గర్వమో, ఆంటీకి తన దోసె అంచు మీద అంత గర్వం. ఇద్దరూ ఒకరి గర్వాన్ని ఒకరు రోజూ కాస్త గిల్లుతూ బతికేవారు.

ఆ ఏడు దసరా వెళ్ళిన రెండో ఆదివారం నేను కూడా క్లబ్బుకి అతిథిగా వెళ్ళాను. చెవులకు బోర్లించుకునే మఫ్లు పెట్టుకుని, వెనక బెంచీ మీద కూర్చుని, అలవాటు కొద్దీ లెక్క రాస్తున్నాను. అంకుల్ ఆరోసారి మీట లాగి ట్రిగ్గర్ నొక్కారు. టిక్. ఆయన కాస్త ఆగి, సుత్తిని మళ్ళీ వెనక్కి లాగి నొక్కితే పేలింది. గడియారం పెట్టి కాల్చే పోటీలో ఒక్క టిక్ చాలు, ఆటంతా పోతుంది. ఆ రోజు ఐదు టిక్కులు. పక్క వరసలో పెద్దాయన “హార్డ్ లక్, మై ఫ్రెండ్” అన్నాడు. అంకుల్ నవ్వారు. మరుసటి ఆదివారం ఆరు టిక్కులు.

అసలు భయం నాకు ఆంటీ చెప్పింది. అంకుల్‌కి పద్దెనిమిదేళ్ళుగా షుగరు. ఆ మధ్యే జీపీ డాక్టరు దగ్గర కాలివేళ్ళకు గుండుసూదిలాంటిది తాకించి చూశారట, రెండు చోట్ల తెలియలేదట. “కాలి వేళ్ళు అయ్యాక చేతివేళ్ళేగా అని ఆయన గుబులు. పైకి చెప్పడు” అంది. అదే నెలలో సర్టిఫికెట్ కాలం తీరుతోంది. ఐదేళ్ళకోసారి పోలీసుల దగ్గర దాన్ని కొత్తది చేయించుకోవాలి. చేయించుకోకపోతే రైఫిల్ ఉండదు. రైఫిల్ లేకపోతే ఆదివారం లేదు. ఆదివారం లేని అంకుల్‌ని ఊహించుకోవడం ఆంటీకి కూడా ఇష్టం లేదు. “ఆరు రోజులు ఎట్టాగూ నా నెత్తినే ఉంటాడు, ఏడోదీ ఇస్తే నేనేమైపోవాలి?” అని నవ్వింది కానీ ఆ నవ్వు పూర్తిగా రాలేదు.

అంకుల్ పైకి మాత్రం టూలు మారుద్దామన్నారు. అప్పుడు నా సైకిల్ ఉత్సాహం బయటికొచ్చింది. “అంకుల్, ఏది మేలో ఊరికే అనుకునేదెందుకు? లెక్కేసి చూస్తాం” అన్నాను. మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి చేతిలో పట్టే పాత టూలు. దానితో స్పర్శ బాగా తెలుస్తుంది, కానీ భారమంతా బొటనవేలిదే. రెండోది బల్లకు బిగించే పొడుగు మీట, క్లబ్బులో ఒకాయన దగ్గర ఎరువు తెచ్చాం. బలం అక్కర్లేదు, మోచేయి బరువు చాలు. కానీ అంత పొడుగు మీటలో స్పర్శ ఎక్కడో దూరంగా, ఫోనులో మాటలాగా వినబడుతుంది. మూడోది, గుండు బిగించడానికి అంకుల్ దగ్గర ఉన్న పెద్ద ప్రెస్సుకే వచ్చే చిన్న చెయ్యి. వేరే ఏమీ కొననక్కర్లేదు, కానీ ఒక్కో ప్రైమర్ చేత్తో పెట్టాలి, వంద చేసేసరికి పులుసు మరిగి చల్లారుతుంది. అంచున్న తూటాకు మూడూ పనికొస్తాయి. గుల్లను గాడిలో దూరిస్తే అంచు దానంతటదే నిలబడుతుంది.

ఒక్కోదానితో వంద గుల్లలు. ప్రైమర్ కూర్చున్నాక స్టీలు స్కేలు అంచును గుల్ల అడుగున ఆనించి చూడాలి. స్కేలు కదలకుండా ఆనితే సరి, తూగుటుయ్యాలలా ఊగితే ప్రైమర్ తేలినట్టు. పాత టూలు అంకుల్ నొక్కారు, అది ఆయన చేతి వస్తువు కదా అని. ప్రెస్సూ బల్ల మీటా నేను నొక్కాను, ఆయనకు శ్రమెందుకని. ఆ మర్యాదే కొంప ముంచింది. పాత టూలు, తేలినవి పదకొండు. ప్రెస్సు చెయ్యి, ఒకటి. బల్ల మీట, సున్నా. కాగితం మీద గీతలు కొట్టి, భోజనాల బల్ల మీద అంకుల్ ముందు పెట్టి, పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినదానిలా నిలబడ్డాను.

అంకుల్ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చదివారు. “ఈ టూలు నా దగ్గర పాతికేళ్ళుగా ఉందమ్మాయ్. ఒక్క టిక్కు ఎరగం. దీంట్లో మారడానికేముంది, రెండు ఇనప ముక్కలు” అన్నారు. నేను తెలివిగా అనుకుని, “అవును అంకుల్, టూలు మారలేదు. మారిండేది...” అని ఆగాను. ఆగకపోయినా బాగుండేది. ఆగడంతో మిగతా మాట గదిలో అందరికీ వినబడింది. ఆయన కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టుకుని, పిల్లవాడి చెయ్యి పట్టుకున్నట్టు నిమిరారు. “అంతేలే” అన్నారు. ఆ సాయంత్రమే పోలీసు లైసెన్సింగ్ ఆఫీసుకి ఉత్తరం రాసి, సర్టిఫికెట్ కొత్తది అక్కర్లేదని చెప్పి, కవరుకు స్టాంపు అంటించి, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టారు. సోమవారం పోస్టు చేస్తానన్నారు. ఆ రోజు శుక్రవారం.

శనివారం పొద్దున వెనక గదిలో చింతపండు వాసన లేదు. నేను వంటింట్లో ఆంటీ పక్కన నిలబడి ఉల్లిపాయలు తరుగుతూ నా కాగితం గురించి పదోసారి చెప్పుకుంటున్నాను. ఆంటీ అట్లతెడ్డు ఆపి నావైపు తిరిగింది.

“ఏమే పిల్లా, ఆయన టూలుతో నువ్వు నొక్కావా?”

“లేదు ఆంటీ. అది అంకుల్‌ది కదా.”

“నువ్వు నొక్కిన దాంతో ఆయన నొక్కాడా?”

“లేదు.”

“మరి నీ లెక్కకి ఏం తెలిసింది? నా పెనం మీద నేను పోసి, నీ పెనం మీద నువ్వు పోసి, నా దోసె మాడితే తప్పు నా చేతిదో పెనానిదో ఎట్టా చెబుతావే? నా పెనం మీద నువ్వూ, నీ పెనం మీద నేనూ పోసి చూడొద్దూ?”

నా చేతిలో కత్తి ఆగిపోయింది. లైబ్రరీ పుస్తకం మూడో అధ్యాయంలో ఈ సంగతే నాలుగు పేజీలు రాసి ఉంది. నేను దాని కింద పెన్సిలుతో గీత కూడా గీశాను. ఉల్లిపాయలు అక్కడే వదిలేసి అంకుల్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన రానన్నారు. “ఒకసారి తేలిందిగా తల్లీ, మళ్ళీ మళ్ళీ ఎందుకు” అన్నారు. ఆంటీ వంటింట్లోంచే, “రండి, వచ్చి నొక్కండి. లేకపోతే ఈ పిల్ల నా ఉల్లిపాయలు తరగదు” అని కేకేసింది. ఆ కేకకు ఆయన ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ఈసారి యాభై యాభై. బల్ల మీట అంకుల్ నొక్కారు, పాత టూలు నేను. నా వేళ్ళకు షుగరు లేదు, వయసు లేదు, టైపు కొట్టి కొట్టి మంచి బలంగా ఉన్నాయి. మీట గట్టిగా ఆగేదాకా నొక్కాను. స్కేలు ఆనించి చూస్తే నావి ఆరు తేలాయి. అంకుల్‌వి సున్నా. ఆయన స్కేలు నా చేతిలోంచి లాక్కుని తన యాభై మళ్ళీ చూసుకున్నారు. ఆ తర్వాత నా ఆరింటినీ కళ్ళజోడు పైకెత్తి చూశారు. “ఇవన్నీ ఒకే కంపెనీ గుల్లలు. అంచు పల్చన” అన్నారు. మొన్నటి పదకొండూ తెప్పించి చూస్తే వాటిలో తొమ్మిది అదే ముద్ర. నేను సంఖ్య రాసుకున్నాను కానీ గుల్ల అడుగున ముద్ర చదవలేదు. “మీట పూర్తిగా పోవట్లేదు. అంచు మందంగా ఉన్నవి ఎలాగో సరిపోతున్నాయి, పల్చనివి గాడిలో వదులై పైకి జరిగి దొరికిపోతున్నాయి” అంటూ ఆయన టూలును వెలుతురుకు తిప్పారు. మీట తిరిగే మడత దగ్గర ఎర్రగా, గుండ్రంగా, దసరాకు ఆంటీ పెట్టిన బొట్టు.

ఆ ఇంట్లో ఆయుధపూజ నాడు పనిచేసే ప్రతి వస్తువుకీ బొట్టు ఉండేది. కారు, కుట్టుమిషను, మిక్సీ, లాన్ మోవర్, నా లాప్‌టాప్. కదిలే చోట పెట్టాలని ఆంటీ నియమం. గంధం, దానిమీద కుంకుమ, ఆ పైన అక్షింతలు. అంకుల్ ప్రతి శనివారం ఆ టూలును గుడ్డతో, నూనెతో, చిన్న బ్రష్షుతో మూలమూలా తుడిచేవారు, సిగ్నళ్ళ ఫిట్టరు కదా. బొట్టు ఉన్న చోటు మాత్రం వదిలేసేవారు. పెట్టిన బొట్టు తుడవకూడదు. ఆ మాట ఎవరూ ఆయనకు చెప్పనక్కర్లేదు.

ఆంటీ వైపు చూశారు. ఆంటీ “తుడవండి, నేనే చెబుతున్నా” అంది. తడిగుడ్డతో బొట్టు తుడిచి, మేకు తీసి మీట విప్పితే, మడతలో అక్షింత ఒకటి. సగం గింజ. నెయ్యీ పసుపూ గంధమూ కలిసి, నలిగి, గట్టిపడి, పసుపుపచ్చ పలకలా ఇనుముకు కరుచుకుని ఉంది. మీట ఆ పలకకు తగిలి ఆగుతోంది, గట్టిగానే ఆగుతోంది. అంకుల్ బొటనవేలికి ఆ గట్టితనం సరిగ్గానే తెలిసింది. ఆ వేలు ఒక్కసారీ అబద్ధం చెప్పలేదు.

ఎవరు ముందు నవ్వారో గుర్తులేదు. ఆంటీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నేనేం చేశానండీ, మీ మంచికేగా వేశా” అంటోంది. అంకుల్ గింజను గోటి మీద పెట్టుకుని, “అమ్మవారు నా తూటాలు పేలొద్దందన్నమాట” అన్నారు.

“అనే ఉంటుంది.”

“మరి రెండోసారి కొడితే పేలాయేం?”

“మొదటిసారి చెప్పి చూసింది. మీరు వినే రకమా?”

అంకుల్ లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళారు. కవరులోంచి ఉత్తరం తీసి నాలుగు ముక్కలు చేసి రీసైక్లింగ్ డబ్బాలో వేశారు. కవరు మాత్రం వెయ్యలేదు. దేవుడి అక్షింతను చెత్తలో వెయ్యలేక, దాన్ని అందులో వేసి మూత నాలికతో తడిపి అంటించారు. సోమవారం వేరే కవరులో వేరే ఉత్తరం వెళ్ళింది. ఆ పై ఆదివారం నేను వెనక బెంచీ మీద కూర్చుని రాసిన కాగితంలో టిక్కుల గడి ఖాళీగా ఉంది.

టూళ్ళ సంగతి అడిగితే, అప్పట్లో కొత్తది ఏదీ కొనలేదు. పదేళ్ళ తర్వాత, ఆయన వేళ్ళు నిజంగానే బిగుసుకుంటున్నప్పుడు, బల్ల మీట కొనుక్కున్నారు. “ఇప్పుడు నా వేలే తప్పమ్మాయ్, లెక్కెయ్యక్కర్లేదు” అని ఫోనులో హాయిగా చెప్పారు. తనంతట తాను తెలుసుకున్నది ఆయనను బాధపెట్టలేదు. నన్ను ఎవరైనా అడిగితే, వేలు బాగున్నన్నాళ్ళూ చేతి టూలు, ఆ తర్వాత బల్ల మీట, తీరిక బొత్తిగా ఎక్కువైతే ప్రెస్సు అని చెబుతాను. ఏది కొన్నా, మడత విప్పి చూడమంటాను.

ఇప్పుడు నేను ఒక ఆసుపత్రికి రోటాలు, అంటే ఎవరికి ఎప్పుడు డ్యూటీ అన్న పట్టికలు, వేస్తాను. ఆ రోజుల్లో పెన్సిలు గీతలు కొట్టేదాన్ని, ఇప్పుడు నా ముందున్న తెర ఎవరు ఎంత ఆలస్యమో రంగులతో సహా చెప్పేస్తుంది. ఆ మధ్య అది ఒక కేరళ నర్సు పేరు ఎర్రగా చూపించింది, మందుల రౌండు రోజూ నలభై నిమిషాలు ఆలస్యమట. మీటింగులో ఆమె పేరు ఎత్తారు. రెండు వారాలు ఆగమన్నాను. ఆమెను పక్క వార్డుకు, పక్క వార్డు ఆమెను ఈ వార్డుకు మార్చాను. ఎర్ర రంగు మాత్రం ఆమెతో పోకుండా పాత వార్డులోనే ఉండిపోయింది. వెళ్ళి చూస్తే మందుల బండి తాళం మొరాయిస్తోంది. మా మేనేజరు, ఈ పద్ధతి ఏ కోర్సులో నేర్చుకున్నావని అడిగాడు. దోసెల కోర్సులో అన్నాను. అతను దాన్ని ఏదో సాఫ్ట్‌వేర్ పేరనుకుని రాసుకున్నాడు.

ఈ దసరాకు నా ఫ్లాట్‌లో, కిటికీ గట్టు మీద లాప్‌టాప్ పక్కన ఆ టూలు పెట్టాను. ఎడిన్‌బర్గ్ నుంచి ఆంటీ వీడియోలో కూర్చుంది. పక్కన సుమ ఫోను పట్టుకుంది. ఎనభై దాటాక కూడా ఆంటీ కళ్ళు ముందు మడత మీదికే వెళ్ళాయి. “బొట్టు పిడి చివర పెట్టవే, కదిలే చోట వద్దు. అక్షింతలు లెక్కేసి వెయ్యి, లెక్కేసి తియ్యి” అంది. అప్పటినుంచీ వాళ్ళింట్లో ఆ ఒక్క వస్తువుకూ అదే పద్ధతి. మిగతావాటికి గుప్పెడు, దానికి మాత్రం ఐదు.

ఐదు వేశాను. హారతిచ్చి, టూలును రెండు చేతులా తీసుకుని, తలవంచి కళ్ళకద్దుకున్నాను. కిటికీ గట్టు మీద మళ్ళీ పెట్టి ఏరితే నాలుగే వచ్చాయి. మడత విప్పి చూశాను, లేదు. లాప్‌టాప్ ఎత్తి చూశాను, లేదు. గట్టు కింద కార్పెట్ మీద మోకాళ్ళ మీద వెతుకుతుంటే, ఫోనులోంచి ఆంటీ ఒకటే నవ్వు.

“ఇంక వెతక్కే పిల్లా. నీ పాపిట్లో ఉంది.”